ఎవరి చేతి మూర

సున్‌వా గదిలో ఆ పేజీ బుద్ధిగానే ఉంది.
మధ్యలో పడవల వేళలు, పక్కన పఫిన్ పిట్ట బొమ్మ,
కుడి మూలన ఎర్ర గడిలో నాలుగు మాటలు:
గాలి ఎక్కువ. ఆఖరి పడవ మూడింటికే.

రేవు క్యాంటీన్లో పాత కంప్యూటర్ తెర మీద
అదే పేజీ. ఎర్ర గడి మాత్రం లేదు.
ఎటు జారిందో ఎవరూ చూడలేదు.
పట్టికలో ఐదుంపావు
ఏమీ ఎరగనట్టు కూర్చుని ఉంది.

దాన్ని నమ్మి ఆన్‌సోఫియా
ఉన్ని సంచి ఒళ్ళో పెట్టుకుని
కాంక్రీటు గట్టు మీద ఐదుంపావు దాకా కూర్చుంది.
తర్వాత ఆరింటి దాకా కూర్చుంది.
ఫారో దీవుల్లో, నవంబరులో,
ఆరంటే అర్ధరాత్రి కింద లెక్క.

హానుస్ ఫోన్ చేశాడు. పడవ నడిపే మనిషి, మాట పొదుపు.
"నీ పేజీ ఆవిడకి చెప్పలేదు."
"చెప్పింది. నాకు కనిపిస్తోంది."
"పడవ ఎక్కాల్సింది నువ్వా, ఆవిడా?"

మర్నాడు సున్‌వా క్యాంటీన్‌కే వచ్చి కూర్చుంది.
చేపనూనె వాసన. తెర అంచున ఎవరో అంటించిన టేపు.
రిఫ్రెష్ మీట మీద అక్షరం అరిగిపోయి
ఇదివరకు ఎంతమంది నొక్కి చూశారో చెబుతోంది.

రాసింది తనే. అబ్సల్యూట్.
తండ్రి గడి అంచు నుంచి కుడికి సున్నా, పైనుంచి పన్నెండు.
కొత్త బ్రౌజరు విన్నది, అక్కడే నిలబెట్టింది.
పాతది విన్నట్టే తలూపి
తండ్రిని ఆనవాలు పట్టలేక
ఊరవతలి గోడ నుంచి కొలవడం మొదలెట్టింది.
కొలత తప్పు కాదు. మొదలు తప్పు.

అదొక్కటే అయితే బాగుండేది.
వెడల్పంటే ఒకటి లోపలి గుడ్డే అంటుంది,
ఇంకోటి దూదీ అంచుకుట్టూ కలిపేసుకుంటుంది.
రెండూ రెండొందల పిక్సెళ్ళనే ఒట్టేస్తాయి.
ఎవరి చేతి మూర వారిది.

మధ్యాహ్నం దాకా మార్జిన్లతో బేరమాడింది.
మైనస్ మూడు. మైనస్ నాలుగు.
గడి వచ్చింది, పిట్ట పోయింది.
పిట్ట వచ్చింది, పట్టిక విరిగింది.
ఒక్కసారి అన్నీ వచ్చాయి. ఊపిరి బిగబట్టి
కిటికీ అంచు కాస్త లాగితే
అన్నీ ఒకదాని మీదొకటి, బుట్టలో చేపల్లా.

ఆన్‌సోఫియా ఆ రోజూ వచ్చింది, ఈసారి పెందలాడే.
కోపం లేదు. పక్క బల్ల దగ్గర స్వెటర్ చెయ్యి అల్లుతూ
"ఎక్కణ్ణుంచి కొలుస్తోందది?" అంది.
"పేజీ చివర్నుంచి. నేను గడి నుంచి కొలవమన్నాను."
"అక్కడో గడి ఉందని దానికి తెలుసా?"

సున్‌వా మాట్లాడలేదు.

"భుజం దగ్గర నేనో దారప్పోగు కడతాను.
స్వెటర్‌కి అక్కర్లేదది, తర్వాత తీసేస్తాను.
కట్టకపోతే చెయ్యి మెడలోంచి మొలుస్తుంది."

అప్పుడు తండ్రి గడికి ఒక వరుస రాసింది.
ఎత్తు: ఒక శాతం.
దేనిలో ఒక శాతమో అడక్కూడదు.
ఆ ఎత్తులో చీమ కూడా నిలబడలేదు.
కొత్తదాని చెవిన పడకుండా
పాతదానికే వినిపించే చాటున దాచింది.
పాతది ఆ పోగు చూసింది.
ఓహో, ఇక్కడో ఇల్లుందా అన్నట్టు
ఎర్ర గడిని మోసుకొచ్చి కుడి మూలన దించింది.

పక్కన ఒక మాట రాసి పెట్టింది, తర్వాత వచ్చేవాళ్ళకి:
తీయొద్దు. ఎందుకో నాకూ పూర్తిగా తెలీదు.

పడవల ఆఫీసులో ఇంకో కంప్యూటరుంది, దాని దారి వేరు.
అందులో పఫిన్ ముక్కు ఇప్పటికీ
రెండు పిక్సెళ్ళు పట్టికలోకి దూరి
తెల్లవారి మొదటి పడవ వేళని పొడుస్తుంటుంది.
ఆరా, ఎనిమిదా, సరిగ్గా కనిపించదు.
సున్‌వా చూసింది. లేచి కోటు తొడుక్కుంది.
మొదటి పడవ ఎక్కేవాళ్ళంతా
హానుస్ చుట్టాలే.